కాగితపు డబ్బు జాడలో లండన్, స్టాక్‌హోమ్

పాత నోట్లు సేకరించేవారికి చూడదగ్గ నగరాలు చాలానే ఉన్నాయి. అయితే నోటుపై జనానికి నమ్మకం ఎలా కుదిరిందో, ఎలా చెదిరిందో తెలియాలంటే లండన్‌నూ స్టాక్‌హోమ్‌నూ ఒకే యాత్రలో చూడాలని నా అభిప్రాయం.

బ్రిటిష్ మ్యూజియం 68వ గదిలో చైనాను ఏలిన మింగ్ వంశపు ఒక గువాన్ (వెయ్యి నాణేల విలువ) నోటు ఉంది. మల్బరీ బెరడు కాగితంపై 1375లో మొదలైన ఆ ముద్రణలో, చదువు రానివారికి సైతం విలువ తెలిసేలా నాణేల దండలు చిత్రించి, వాటి కిందనే దొంగనోట్లు చేసేవారికి మరణశిక్ష తప్పదనీ, పట్టించినవారికి వెండి బహుమానమనీ రాశారు. కాగితం పాడవకుండా అక్కడ వెలుతురు తగ్గించి ఉంచుతారు కాబట్టి, కళ్ళు అలవాటుపడేదాకా నిదానంగా నిలబడాలి. నోటును దగ్గరగా పరిశీలించదలచినవారు ముందుగా అనుమతి తీసుకుని నాణేల విభాగపు అధ్యయన గదికి వెళ్ళవచ్చు; సేకర్తకు ఇంతకు మించిన సేవ మరొకటి లేదు.

బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియం చిన్నదే అయినా, కథ చెప్పడంలో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. ప్రవేశం ఉచితం, శని, ఆదివారాల్లో మాత్రం మూసి ఉంటుంది. 1797లో నోట్లకు బదులుగా బంగారం చెల్లించడం ఆపి, ఒకటి, రెండు పౌండ్ల నోట్లు విడుదల చేసినప్పుడు, అంతవరకు నోటు ముఖం చూడని పేదల చేతుల్లోకి అవి చేరాయి. వాటిని అనుకరించడం తేలిక. తత్ఫలితంగా దొంగనోట్ల నేరం కింద 1821 వరకు 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. ఈ సంగతి తెలిశాక ఆ సాదా నోట్లను వట్టి ముద్రణగా చూడడం నాకు సాధ్యం కాలేదు.

లండన్‌లో నేను దిగిన బస రెండు మ్యూజియాలకూ అనువైన చోటే ఉన్నా, గదిలో బల్ల గానీ సరైన దీపం గానీ లేవు. కొన్న నోటును భూతద్దంతో చూసుకోవాలనుకునేవారు గది తీసుకునే ముందే ఈ రెండింటి గురించి అడగడం మంచిది.

స్టాక్‌హోమ్‌లో రైల్వే స్టేషన్ దగ్గరి బస నాకు ఎక్కువగా నచ్చింది. స్వీడన్‌లో ఒకప్పుడు నాణెమంటే బరువైన రాగి పలక; పది దాలర్ల పలక దాదాపు 20 కిలోలు తూగేది. ఆ భారం తప్పించడానికి యోహాన్ పామ్‌స్ట్రుక్ అనే బ్యాంకరు 1661లో ఐరోపాలో తొలి బ్యాంకు నోట్లు విడుదల చేశాడు. తిరిగి చెల్లించగలిగినదానికన్నా ఎక్కువ నోట్లు ఇవ్వడంతో అతని బ్యాంకు కూలింది. 1668లో పార్లమెంటు అధీనంలో కొత్త బ్యాంకు ఏర్పడింది. ఆ బ్యాంకే 1755లో నోట్ల కాగితం కోసం స్టాక్‌హోమ్ దగ్గరి తుంబాలో మిల్లు పెట్టింది. లోకల్ రైల్లో తేలికగా చేరగల ఆ ఊళ్ళో పాత భవనాల మధ్య నడుస్తుంటే, నోటు విలువలో కాగితం తయారుచేసిన కూలీల పనితనానికీ వాటా ఉందని తెలిసివస్తుంది. అక్కడి మ్యూజియం వేళలు మాత్రం బయలుదేరే ముందే కనుక్కోవాలి.