నిద్రపుచ్చే తాబేలా, మెలకువగా ఉంచే చేపా: ఆక్సిజన్ అందని మెదడుకు ఏది మేలు?

నల్లకుంటలో మా ఇంటికి దగ్గరగా ఒక అక్వేరియం దుకాణం ఉంది. అక్కడ గోల్డ్‌ఫిష్‌ల తొట్టి పక్కనే, చెవుల దగ్గర ఎర్రటి చారలున్న చిన్న తాబేళ్ల తొట్టి ఉంటుంది. పిల్లల ముచ్చట తీర్చడానికి వచ్చే తల్లిదండ్రులు రంగు చూసి బేరమాడుతారే కాని, ఆ రెండు తొట్లలో ఉన్నవి ఒకే విద్యలో ఆరితేరిన రెండు వేర్వేరు వంశాల ప్రాణులని వారికి ఎవరూ చెప్పరు. ఆక్సిజన్ బొత్తిగా లేనిచోట కూడా మెదడు చెడిపోకుండా నిలుపుకోవడమే ఆ విద్య. వెన్నెముక గల జంతువుల్లో ఇది వచ్చినవి చాలా తక్కువ. విచిత్రమేమంటే తాబేలు పట్టిన దారి, చేప పట్టిన దారి దాదాపు ఎదురెదురుగా సాగుతాయి: ఒకటి మెదడును నిద్రపుచ్చి కాపాడుతుంది, మరొకటి మెలకువగా ఉంచి కాపాడుతుంది. వీటిలో ఏది మేలో తూచి చూడాలన్నదే నా ప్రయత్నం.

ముందు ప్రమాదం ఎక్కడుందో తెలియాలి. మనిషి బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే అయినా, విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తిలో పెద్ద భాగం నాడీకణాల పొరలో ఉండే పంపులకు ఖర్చవుతుంది. అవి సోడియాన్ని బయటికి, పొటాషియాన్ని లోపలికి రాత్రింబవళ్లు తోడుతూ ఉండాలి. అపార్ట్‌మెంటులో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారును ఊహించుకుంటే చాలు: అన్ని ఫ్లాట్లలో నల్లాలు కారుతూనే ఉంటాయి, మోటారు ఎక్కిస్తూనే ఉండాలి. ఆక్సిజన్ ఆగితే కణంలోని ఇంధనం, అంటే ఏటీపీ, నిమిషాల్లో అడుగంటుతుంది. పంపులు ఆగుతాయి, పొటాషియం బయటికి పొర్లుతుంది, గ్లూటమేట్ అనే నాడీ సంకేత రసాయనం అదుపు తప్పి విడుదలవుతుంది, ఆ తాకిడికి తెరుచుకున్న ద్వారాల గుండా కాల్షియం లోపలికి వెల్లువలా చొరబడి కణాన్ని లోపలినుంచే నాశనం చేస్తుంది. మెదడుకు రక్తం ఆగిన పది సెకన్లలో మనిషికి స్పృహ తప్పుతుంది; నాలుగైదు నిమిషాలు దాటితే తిరిగి పూడ్చలేని నష్టం మొదలవుతుంది.

పోటీలో లేనివారిని ఇక్కడే పక్కన పెడతాను. మృగశిర కార్తె నాడు రామ్‌నగర్ చేపల మార్కెట్‌లో తట్టెడు నీళ్లలో గంటల తరబడి కదులుతూ కనిపించే కొర్రమీను ఈ విద్య తెలిసిన చేప కాదు. తలలో ఉన్న ప్రత్యేకమైన గదులతో అది నేరుగా గాలినే పీలుస్తుంది, కాబట్టి దాని మెదడుకు ఆక్సిజన్ అందుతూనే ఉంటుంది. అంటార్కిటికాలో గంటకు పైగా నీటిలో మునిగి ఉండగల వెడెల్ సీల్ కూడా రక్తంలో, కండరాల్లో ఆక్సిజన్‌ను మూట కట్టుకుని దిగేదే. సద్దిమూట ఉన్నవాడిని ఉపవాసం ఉన్నవాడితో పోల్చడం న్యాయం కాదు.

ఇక తాబేలు. ఉత్తర అమెరికాలో చలికాలంలో సరస్సుల మీద మంచు గట్టిగా పేరుకున్నప్పుడు, అక్కడి పెయింటెడ్ తాబేళ్లు అడుగునున్న బురదలో చేరి ఊపిరి లేకుండా గడుపుతాయి. సుమారు 3 డిగ్రీల చల్లని, ఆక్సిజన్ లేని నీటిలో అవి మూడు నాలుగు నెలలు బతికినట్టు ప్రయోగాల్లో తేలింది. మన దుకాణంలోని ఎర్రచారల తాబేలు వీటికి దగ్గరి బంధువే. గది వేడిలోనైనా అది ఒకటి రెండు రోజులు తట్టుకోగలదు. ఇవి చేసే పని చెప్పడానికి తేలిక: ఖర్చు తగ్గించుకోవడం. శరీరం మొత్తం మీద శక్తి వాడకం అదే ఉష్ణోగ్రతలో మామూలుగా ఉండేదానిలో పదో వంతుకు పడిపోతుంది. మెదడులో అడెనోసిన్, గాబా అనే శాంతింపజేసే రసాయనాలు పెరిగి, కణాలు సంకేతాలు పంపడం చాలావరకు మానేస్తాయి. పొరలోని అయాన్ ద్వారాలు కూడా మూతబడతాయి. నల్లాలన్నీ కట్టేస్తే మోటారుకు పని ఏముంటుంది? ముఖ్యమైన సంగతి ఏమంటే, ఈ నిశ్శబ్దం ఏటీపీ అడుగంటాక వచ్చేది కాదు, అడుగంటక ముందే తాబేలు తెచ్చిపెట్టుకునేది. అందుకే గ్లూటమేట్ పొర్లదు, కాల్షియం వెల్లువ రాదు.

అయినా నెలల తరబడి ఆక్సిజన్ లేకుండా చక్కెరను విరిస్తే లాక్టిక్ ఆమ్లం పోగుపడక తప్పదు. తాబేలు రక్తంలో అది లీటరుకు 150 మిల్లీమోళ్లు దాటుతుంది. ప్రాణం పెట్టి పరుగెత్తిన మనిషి రక్తంలో చేరేది అందులో చిన్న భాగమే. ఆ పులుపును విరిచేది తాబేటి చిప్ప. చిప్పలోని, ఎముకల్లోని కార్బొనేట్లు రక్తంలోకి దిగి ఆమ్లాన్ని విరుస్తాయి, ఆ ఆమ్లం నుంచి వచ్చే లాక్టేట్‌లో కొంత తిరిగి చిప్పలోకే చేరి భద్రపడుతుంది. దీనిని అర్థం చేయించిన పరిశోధకుల్లో బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డొనాల్డ్ జాక్సన్ ముఖ్యుడు. రక్షణ కోసం మోసే కవచమే అసిడిటీ మాత్రగా కూడా పనికిరావడం నాకు ఎన్నిసార్లు తలచుకున్నా ముచ్చటగా ఉంటుంది.

చేప దారి ఇంతకంటె సాహసోపేతమైనది. గోల్డ్‌ఫిష్‌కు దగ్గరి చుట్టమైన క్రూషియన్ కార్ప్ ఉత్తర ఐరోపా చెరువుల్లో, మంచు కప్పు కింద ఆక్సిజన్ అయిపోయిన నీటిలో, నెలల కొద్దీ బతుకుతుంది. తాబేలులా మొద్దుబారదు, మందగించినా ఈదుతూనే ఉంటుంది. ఓస్లో విశ్వవిద్యాలయంలో యోరన్ నిల్సన్ బృందం చేసిన పరిశీలనల్లో దాని ఈత సుమారు సగానికి తగ్గింది. కంటిపాప వెనుక తెర వెలుగుకు స్పందించడం దాదాపు ఆగిపోయింది. కాలేయంలో ప్రొటీన్ల తయారీ దాదాపు పూర్తిగా పడిపోయినా మెదడులో మాత్రం అది తగ్గలేదు. అంటే ఇది ఇల్లంతా కరెంటు తీసేయకుండా, జనరేటరు మీద ముఖ్యమైన గదులను నడిపిస్తూ, చూపు వంటి ఖరీదైన గదిని మాత్రం ఆర్పేస్తుంది. కాలేయంలో వేసవి అంతా కూడబెట్టిన గ్లైకోజెన్ అనే నిల్వ చక్కెర ఆ జనరేటరుకు ఇంధనం.

ఆ జనరేటరు వదిలే పొగ, అంటే వ్యర్థం సంగతి ఇంకా బాగుంటుంది. ఈ చేప లాక్టిక్ ఆమ్లాన్ని కండరాల్లో మద్యంగా, అంటే ఇథనాల్‌గా మార్చి మొప్పల ద్వారా నీటిలోకి వదిలేస్తుంది. గోల్డ్‌ఫిష్ ఇలా చేస్తుందని 1980లోనే షూబ్రిడ్జ్, హొచాచ్కా వెల్లడించారు. 2017లో వచ్చిన మరో పరిశోధన దీని వెనుకనున్న జన్యువులను గుర్తించింది: పూర్వీకుల్లో జన్యు సంపద మొత్తం ఒకసారి రెండింతలైనప్పుడు, మిగులుబడిన ప్రతుల్లో ఒకటి మద్యం తయారీకి మళ్లింది. చలికాలంలో ఈ చేప రక్తంలో మద్యం 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు దాటవచ్చు; మన మోటారు వాహనాల చట్టం అనుమతించేది 30 మాత్రమే. హైదరాబాద్‌లో శనివారం రాత్రి తనిఖీలో ఈ చేప దొరికితే బండి ఠాణాకే.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదట నా మనసు చేప వైపే మొగ్గింది. మెలకువగా ఉన్నది శత్రువును తప్పించుకోగలదు, మంచు కరిగిన మూలను వెతుక్కోగలదు. మద్యం బయటికి పోతుంది గనుక ఒంట్లోని పులుపుతో కుస్తీ పట్టే పని లేదు. కాని లెక్క వేస్తే మరోలా ఉంటుంది. ఆక్సిజన్ లేకుండా ఒక గ్లూకోజ్ అణువు నుంచి వచ్చేది రెండే ఏటీపీలు. ఆక్సిజన్ ఉంటే సుమారు 30. మద్యంగా వదిలేసిన ప్రతి చుక్కలోనూ వాడుకోదగిన శక్తి మిగిలే ఉంటుంది, అది తిరిగి రాదు. తాబేలు దాచుకున్న లాక్టేట్ మాత్రం వసంతంలో మళ్లీ గ్లూకోజ్ అవుతుంది. పైగా చేప పద్ధతికి చుట్టూ నీళ్లుండాలి; మొప్పలు లేనివాడు మద్యాన్ని ఎక్కడికి వదలాలి? కాబట్టి కట్టుదిట్టం ప్రకారం తాబేలు దారే మేలని నా నిర్ణయం. ఆదాయం పెంచుకునే దారికంటె ఖర్చు తగ్గించుకునే దారిలో ప్రాణానికి భద్రత ఎక్కువ.

ఇంత చెప్పినా, ఈ నెలల లెక్కలన్నీ చల్లటి నీటివే. మే నెలలో కరెంటు పోయి తొట్టిలో గాలి మోటారు ఆగితే గోల్డ్‌ఫిష్ కొన్ని నెలలు ఆగుతుందని ఎవరూ ధైర్యపడరాదు. నీరు వెచ్చనయ్యే కొద్దీ ఖర్చు పెరిగి, గడువు కుదించుకుపోతుంది. తాబేలుకు ఆ బెంగ లేదు, అది తల పైకెత్తి గాలి పీలుస్తుంది.

మనకు నేర్చుకోదగినది ఎవరి దగ్గర ఉంది అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు మూడో ప్రాణి దగ్గర ఉంది. తూర్పు ఆఫ్రికాలో నేల కింద కిక్కిరిసిన కలుగుల్లో బతికే నేకెడ్ మోల్‌రాట్ అనే బోడి ఎలుక మనలాగే క్షీరదం. 2017లో వెలువడిన ప్రయోగంలో అది ఆక్సిజన్ ఏమాత్రం లేని గాలిలో 18 నిమిషాలు ఉండి, ఏ హానీ కనబడకుండా కోలుకుంది. మామూలు చుంచెలుకలు నిమిషంలోపే చనిపోయాయి. ఊపిరి, కదలిక ఆపి, గుండె వేగం తగ్గించి, మెదడుకు గ్లూకోజ్ బదులు ఫ్రక్టోజ్‌ను ఇంధనంగా అందించడమే దాని ఉపాయం. గ్లూకోజ్‌ను విరిచే వరుసలో ఏటీపీని, ఆమ్లాన్ని చూసి కవాటం బిగించే ఒక మెట్టు ఉంటుంది. ఫ్రక్టోజ్ ఆ మెట్టును చుట్టి అవతలికి చేరుతుంది. అందుకు కావలసిన రవాణా ప్రొటీన్, ఎంజైమ్ మన శరీరంలోనూ ఉన్నాయి. పేగులో, కాలేయంలో, మూత్రపిండంలో అవి దండిగా పనిచేస్తాయి. ఆ ఎలుకకు అవి మెదడులో, గుండెలో కూడా దండిగా ఉన్నాయి.

తాబేలును అనుకరించడానికి వైద్యం ఇప్పటికే ప్రయత్నించింది. పుట్టుకలో ఊపిరి అందని శిశువుల శరీరాన్ని 33.5 డిగ్రీలకు చల్లబరచి 72 గంటలు ఉంచడం సంపన్న దేశాల్లో మేలు చేసింది. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన హెలిక్స్ ప్రయోగంలో మాత్రం చల్లబరచిన శిశువుల్లో మరణాలు తగ్గకపోగా పెరిగాయి. ఇక్కడి బిడ్డల మెదడుకు హాని పుట్టుకకు ముందే, ఎక్కువ కాలం పాటు జరిగి ఉండవచ్చన్నది ఒక వివరణ. తాబేలు నల్లాలు కట్టేది నీళ్లు అయిపోక ముందు. ఆసుపత్రికి చేరిన శిశువు విషయంలో మనం కట్టడం మొదలుపెట్టేది ట్యాంకు ఖాళీ అయిన తర్వాత. నెలల ఓర్పుకంటె ఆ బోడి ఎలుక సంపాదించిన 18 నిమిషాలే మనకు ఎక్కువ విలువైనవని నేను భావించడానికి కారణం ఇదే: అంబులెన్సు వచ్చేదాకా మెదడును నిలపడానికి కావలసిన గడువు అదే కొలతలో ఉంటుంది.