జామాయిలా, టేకా, కలగలుపు చెట్లా: చెలకకు ఏది మేలు?

నర్సంపేట దాటినంక పాకాల దిక్కు మాకు మూడెకరాల చెలక, అంటే మెట్ట భూమి, ఉంది. సగం రాళ్లు, సగం చెట్లూ పొదలూ. దాన్ని ఏంచేయాలన్నదాని మీద ఇంట్ల ఏడాదిగా పంచాయితీ. తమ్ముడు జామాయిల్ అంటడు, బాపు టేకు అంటడు, నేను ఉన్న చెట్లను ఉండనియ్యిమంట.

జామాయిల్ లెక్క సులువు. నాలుగైదేండ్లకు కోత, కర్ర పేపరు మిల్లుకు పోతది, నరికిన మోడు మళ్ల చిగురిస్తది. పైసలే కావాలంటే ఇదే మేలు, కాదనను. కానీ ఆ తోటల పది నిమిషాలు నిలబడి చూడుండ్రి. కింద గడ్డి సరిగ రాదు, రాలిన ఆకు తొందరగ మురగదు, మేక కూడ మూతి పెట్టదు.

టేకు మన అడవి చెట్టే. వానకాలం తెల్లటి పూత బాగుంటది. లేతాకు నలిపితే వేళ్లు ఎర్రబడతయి, పిల్లలకు అదో ఆట. అయితే చేవ రావాలంటే ఇరవై ఏండ్ల పైమాటే. సొంత పట్టా భూమిల ఉన్నా నరకాలంటే అటవీ శాఖ అనుమతి కావాలె. అన్నీ టేకులే పెడితే, నీడ కావాల్సిన ఎండలల్లనే తోటంతా బోడిగ నిలబడతది.

ఇగ ఉన్న చెట్లు. రెండు ఇప్పలు, ఓ నల్లమద్ది, తునికి, మొర్రి, రేల, కానుగ, గట్టు మీద మోదుగలు. కాముని పున్నం నాటికి మోదుగ ఒంటి మీద ఆకు లేకుంట ఎర్రగ పూస్తది. ఆ పూలు రాలేసరికి ఇప్పపువ్వు మొదలైతది. రాత్రి విచ్చుకొని తెల్లారేసరికి కింద పరుచుకొని ఉంటది. ఆ తియ్యటి మత్తు వాసన దూరం నుంచే తెలుస్తది, చీమలకన్న ముందే పోవాలె. ఎండలు ముదిరితే రేల పసుపు గుత్తులేస్తది, మొర్రిపండ్లు నల్లబడతయి. పండు మనం తింటే, గింజ పగలగొట్టి సారపప్పు తీసే ఓపిక మా అమ్మది. అన్నిటికన్న నాకు నచ్చేది, చెట్లన్నీ ఒక్కసారే బోడి కావు. మద్ది ఆకు రాల్చినప్పుడు కానుగ కొత్తాకుతోని మెరుస్తుంటది. బండరాయి ఆ కానుగ కిందనే ఉంది, సద్ది అక్కడనే విప్పుతం.

ఆదాయం? చెప్పుకోవద్దు. పొదలల్ల పాములు, ఎండకాలం నిప్పు భయం.

చివరికి గట్టు పొంటి ఒక వరుస టేకు పెట్టినం, బాపు కోసం. తమ్మునికి రోడ్డు పక్క ఎకరం ఇచ్చినం, ఇప్పచెట్ల దిక్కు గొడ్డలి రావద్దన్న షరతు మీద.