హాజరు సాఫ్ట్‌వేర్‌తో మూడేళ్లు: అనంతపురం కట్టడాల దగ్గర మా అనుభవం

అనంతపురంలో ఇళ్లు, బడి భవనాలు, చిన్న అపార్ట్‌మెంట్లు కట్టే ఒక సంస్థలో నేను జీతాలు, కూలీల లెక్కలు చూస్తాను. మూడు నాలుగు చోట్ల ఒకేసారి పని నడుస్తుంది. నెలజీతం మీద పన్నెండు మంది ఉంటారు. రోజుకూలీకి వచ్చేవారు పనిని బట్టి నలభై నుంచి తొంభై మంది దాకా ఉంటారు. 2022 వేసవిలో చేతిరాత మస్టరు (హాజరు పుస్తకం) మానేసి, ఫోనులో హాజరు, పనిగంటలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌కు మారాము.

అంతకుముందు కూలీల గుంపును తెచ్చి నడిపించే గుంపు మేస్త్రి తన చిన్న నోటుబుక్కులో ఒక లెక్క, మా సూపర్‌వైజర్ మస్టరులో మరో లెక్క రాసేవారు. శనివారం సాయంత్రం బట్వాడా వేళకు ఆ రెండూ కలిసేవి కావు. తేడా ఎప్పుడూ అర రోజుల దగ్గర, ఓటీ (పనివేళ దాటి చేసే అదనపు గంటలు) దగ్గర వచ్చేది. గట్టిగా అడిగే బేల్దారికి, అంటే గోడలు కట్టే తాపీ పనివాడికి, న్యాయం జరిగేది. కాంక్రీటు తట్టలు మోసే ఆడవాళ్లు ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయేవారు. రెండు రాత్రులు స్లాబు పనిలో ఉన్న ఒకామెకు ఒక్క రాత్రి కూలీయే ఇచ్చామని నెల తర్వాత నాకు తెలిసింది. మార్పు కావాలని మా యజమానిని నేను పట్టుబట్టింది అందుకే.

మూడు సాఫ్ట్‌వేర్లు పరీక్షించాము. ఆఫీసులో చూపించినప్పుడు మూడూ బాగానే ఉన్నాయి. వేలిముద్ర యంత్రం మాత్రం మొదటి వారంలోనే పనికిరాదని తేలింది. సిమెంటులోని క్షారం, ఇటుక, ఇసుకల రాపిడి వల్ల బేల్దార్ల వేలిగీతలు అరిగిపోతాయి. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడక ఇబ్బంది పడిన అనుభవం వారిలో చాలామందికి ముందే ఉంది. ముఖం గుర్తించే పద్ధతి మెరుగ్గా పనిచేసింది. తెల్లవారుజాము మసక వెలుతురులోనూ, ఎండకు తలగుడ్డ ముఖం మీదికి చుట్టుకున్నప్పుడూ అదీ తప్పుతుంది కానీ, గుడ్డ తీసి మళ్లీ చూపిస్తే సరిపోతుంది. అందరి దగ్గరా స్మార్ట్‌ఫోన్ ఉండదు కాబట్టి, ఒక్కో కట్టడం దగ్గర సూపర్‌వైజర్ ఫోనులోనే అందరి హాజరూ పడేలా ఏర్పాటు చేసుకున్నాము. సిగ్నల్ లేని సెల్లార్‌లో నమోదు చేసుకుని, బయటికి వచ్చాక పంపగలగడం మరో షరతుగా పెట్టుకున్నాము.

అసలు పరీక్ష స్లాబు రోజున జరిగింది. కాంక్రీటు పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపితే పాత కాంక్రీటుకూ కొత్తదానికీ అతుకు సరిగా పడదు కాబట్టి, ఉదయం ఏడింటికి మొదలైన పని ఒక్కోసారి రాత్రి ఒంటిగంట దాటుతుంది. మేము చూసిన మొదటి సాఫ్ట్‌వేర్ అర్ధరాత్రి పన్నెండుకు అందరి లెక్కా మూసేసి, బయటికి వెళ్లినట్టు నమోదు లేదన్న కారణంతో అర రోజు వేసింది. మేము ఎంచుకున్నది, రోజు ఏ గంటకు మొదలవ్వాలో మమ్మల్నే నిర్ణయించుకోనిచ్చింది. తెల్లవారుజాము నాలుగు అని పెట్టుకున్నాము. అలాగే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఎండకు ఉదయం ఆరు నుంచి పదకొండు దాకా, తిరిగి మూడున్నర నుంచి ఆరున్నర దాకా పని చేయిస్తాము. రోజుకు ఒక రాక, ఒక పోక మాత్రమే తెలిసిన సాఫ్ట్‌వేర్ ఈ పనివేళలకు సరిపోదు. పనిచేసిన నిమిషాలను దగ్గరి పావుగంటకు తగ్గించో పెంచో సర్దే నియమాన్ని కూడా తప్పక చూడాలి. మా దానిలో మొదట అది ప్రతిసారీ కూలీకి నష్టం వచ్చేలా ఉంది; మార్పించాము.

ప్రవేశపెట్టడం ఎంచుకోవడం కంటే కష్టమైంది. ఎనిమిది వారాలు మస్టరు, ఫోను రెండూ నడిపాము. మా పెద్ద మేస్త్రి, "ఇరవై ఏండ్లుగా మా పిల్లోళ్ల లెక్క నేనే రాస్తాండా సార్, ఇప్పుడు ఫోను రాసేదేంది?" అన్నాడు. ఆయన బాధలో న్యాయముంది. గుంపుకు అడ్వాన్సులు ఇచ్చేదీ, ఊరి నుంచి మనుషులను పిలుచుకొచ్చేదీ ఆయనే. లెక్క చేతిలో లేకపోతే ఆయన మాటకు విలువ తగ్గుతుంది. తన గుంపు లెక్కంతా ఆయన ఫోనులోనూ కనిపించేలా చేశాక ఒప్పుకున్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం వారం లెక్క తెలుగులో ముద్రించి స్టోరు గది గోడకు అంటిస్తాము, చదువు రానివారికి చదివి వినిపిస్తాము. అందువల్ల తగాదా డబ్బు చేతికిచ్చే వేళ కాకుండా ఒకరోజు ముందే తేలిపోతోంది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మా జిల్లాలోని బండ్లపల్లిలోనే. ఆ పనుల్లో రోజుకు రెండు ఫొటోల హాజరు 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాక, ఊళ్ల నుంచి మా దగ్గరికి వచ్చేవారికి ఫోను ముందు నిలబడడం అలవాటైంది. దానితోపాటు ఫొటో ఎక్కకపోతే ఆ దినం కూలీ పోతుందన్న భయమూ వచ్చింది. అందుకని ఫోను పనిచేయని రోజు సూపర్‌వైజర్ చేతిరాతే చెల్లుతుందని, దానివల్ల ఎవరి కూలీ ఆగదని రాసి అంటించాము.

ఇంజనీర్లు రోజంతా ఎక్కడున్నారో చూపే సౌకర్యాన్ని రెండు నెలలు వాడి ఆపేశాము. స్లాబు కింద జీపీఎస్ స్థానం పక్క వీధికి జరుగుతుంది. పనిలో ఉన్న మనిషి బయట తిరుగుతున్నట్టు కనబడితే మనసు విరుగుతుంది. కట్టడానికి ఎంత దూరంలోపు ఉంటే హాజరు పడాలన్న హద్దు కూడా మొదట 50 మీటర్లు పెట్టి, తర్వాత 150కి పెంచాము.

లాభాల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఒకటుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం సంక్షేమ మండలిలో లబ్ధిదారుగా నమోదు కావాలంటే 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు ఉండి, గత పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు పనిచేసి ఉండాల్సి వచ్చేది. అన్ని రోజులు పనిచేశారని మేమిచ్చే ధ్రువపత్రం మునుపు అంచనాతో రాసేవాణ్ని. ఇప్పుడు ఎవరు అడిగినా తేదీలతో సహా తీసి ఇస్తున్నాను. అదే చట్టం ఓటీకి రెట్టింపు కూలీ ఇవ్వాలని చెప్పింది. మేము ఇస్తున్నది ఒకటిన్నర రెట్లేనని నెలవారీ పట్టిక స్పష్టంగా చూపాక, మా యజమాని దాన్ని సరిదిద్దారు.

ఏ పనికి ఎన్ని గంటలు పట్టాయో తెలుసుకోవడానికి మొదట నలభై పనిపేర్లు పెట్టాము. సూపర్‌వైజర్లు విసిగి సగం గంటలను "ఇతర పనులు" కింద వేశారు. తొమ్మిదికి తగ్గించాక లెక్క నమ్మదగ్గదైంది. ఇటుక, ఇసుకలను పై అంతస్తులకు చేర్చడానికి పట్టే శ్రమను మా కొటేషన్లలో ఎన్నడూ కలపలేదని అప్పుడే తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. నెలలో ఏ ఒక్కరోజు ఎక్కువ మంది వచ్చినా ఆ సంఖ్య మీదనే నెలంతటికీ రుసుము వేస్తారు. స్లాబు రోజున మాత్రమే ఎక్కువ మంది వచ్చే మాకు ఇది అన్యాయం. 2024లో ఒక అప్‌డేట్ తర్వాత ముద్రణలో తెలుగు ఒత్తులు విడిపోయి, మూడు వారాలు ఎవరి పేరు ఏదో తెలియలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా చూస్తున్నామనే చెప్పారు. వచ్చే ఏప్రిల్‌లో ఒప్పందం పొడిగించాలి. రుసుము సగటు హాజరు మీద ఉండాలని, మూడేళ్ల లెక్కంతా ఎక్సెల్‌లో మాకు అప్పగించాలని రెండు షరతులు రాసి పంపాను. జవాబు కోసం చూస్తూ, ప్రతి నెలాఖరున పట్టికలు దించి నా దగ్గర భద్రపరుస్తున్నాను.