పంచదార టీనా, కూల్‌డ్రింకా: ఏది మేలు?

రోజూ తాగే కూల్‌డ్రింక్ మానేసి టీకి మారితే ఒంటికి మంచిదేనా అని అడిగేవాళ్లకి కొదవ లేదు. ఆ అడగడంలోనే ఒక నమ్మకం దాగి ఉంటుంది: టీ అంటే ఆకు, కూల్‌డ్రింక్ అంటే రసాయనం, కాబట్టి ఎంత తీపి వేసుకున్నా టీయే నయమని. టీయే నయం, కాదనను. అయితే అందుకు కారణం ఆకు కాదు, చెంచా మన చేతిలో ఉండటం. సీసాలో నింపి అమ్మే తీపి టీ కొన్నా, ఇంట్లోనే లెక్కాపత్రం లేకుండా కప్పు మీద కప్పు తాగినా ఆ చెంచా చేజారినట్టే. అప్పుడిక రెంటికీ చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

ముందు లెక్క చూద్దాం. మామూలు కోలాలో 100 మి.లీ.కి దాదాపు 10.6 గ్రాముల పంచదార ఉంటుంది. 330 మి.లీ. డబ్బా తాగితే 35 గ్రాములు, 140 క్యాలరీలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో గీసిన గీత ప్రకారం, విడిగా కలిపిన చక్కెరలు (తేనె, పళ్లరసాల్లోవి కూడా) రోజు మొత్తం క్యాలరీల్లో 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకి 2000 క్యాలరీలు తినే మనిషికి అవి 50 గ్రాములు, 25 గ్రాములు. అంటే ఒక్క డబ్బాతోనే రెండో గీత దాటేస్తాం.

ఇంట్లో కాచిన 150 మి.లీ. టీలో రెండు చెంచాలు వేశారనుకోండి. అంచుకి సమంగా గీసిన టీ చెంచాకి 4 గ్రాములు, మొత్తం 8. పాలు పోస్తే 50 మి.లీ.కి ఇంకో 30 క్యాలరీలు కలుస్తాయి గానీ పాలలో సహజంగా ఉండే చక్కెర పై లెక్కలోకి రాదు. ఎనిమిదికీ ముప్ఫై అయిదుకీ పోలికెక్కడ అనిపిస్తుంది. కానీ చెంచాని ఎవరూ గీసి వేయరు. పోగుగా తీసిన చెంచా ఆరేడు గ్రాముల దాకా తూగుతుంది. అలాంటివి రెండేసి చొప్పున మూడు కప్పులు తాగితే కోలా డబ్బా లెక్క సరిపోయింది. గీసిన చెంచాలతోనైనా అయిదు కప్పులకి 40 గ్రాములు. కూల్‌డ్రింక్ రోజుకి ఒకటి తాగేవాళ్లు ఎక్కువ, టీ ఒక్కసారితో ఆపేవాళ్లు తక్కువ. అందుకే కప్పుని డబ్బాతో కాదు, రోజుని రోజుతో పోల్చాలి.

కొలవడానికి తేలికైన దారి ఒకటుంది. టీకి వాడే పంచదారని వారానికోసారి విడిగా ఒక చిన్న డబ్బాలో తూచి పోసుకోవాలి, మనిషికి రోజుకి 20 గ్రాముల చొప్పున 140 గ్రాములు. అది నాలుగో రోజుకే అడుగంటితే మీ ‘రెండు చెంచాలు’ నిజంగా ఎంతో అక్కడే తేలిపోతుంది.

కూల్‌డ్రింక్‌లో అంత తీపి మనకి ఎందుకు తెలియదు? 35 గ్రాముల పంచదారని 330 మి.లీ. నీళ్లలో కలిపి గోరువెచ్చగా తాగి చూడండి, సగం దాటడం కష్టం. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మ రుచి వాటిలో సిట్రిక్ ఆమ్లం ఆ తీపిని కప్పేస్తాయి. చల్లదనం నాలుకకి తీపిని తగ్గించి చూపిస్తుంది. గ్యాస్ చురుకు మిగతా పని పూర్తి చేస్తుంది. గ్యాస్ పోయి వేడెక్కిన కోలా వెగటు కొట్టేది అందుకే. పంచదార పెరగలేదు, దాన్ని దాచే ముసుగులు పోయాయి. వేడి టీలో ఈ ముసుగులేవీ ఉండవు. కోలా స్థాయి తీపి రావాలంటే 150 మి.లీ. కప్పులో నాలుగు చెంచాలు పడాలి, అంత తీపిని చాలామంది తాగలేరు. ఆ అడ్డుకట్టే టీకి ఉన్న అసలు బలం.

ఐస్‌డ్ టీకి వచ్చేసరికి ఆ కట్ట తెగుతుంది. చల్లన, పైగా నిమ్మరసం. వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన తీపి ఐసు వేశాక చప్పగా తోస్తుంది, ఇంకో చెంచా పడుతుంది. సీసా టీలు నడిచేదీ ఈ సూత్రం మీదే. వాటిలో ఎక్కువ రకాలకి 100 మి.లీ.కి 5 నుంచి 9 గ్రాముల పంచదార ఉంటుంది. ఏడు అనుకుంటే అర లీటరు సీసాకి 35 గ్రాములు, అచ్చం కోలా డబ్బా అంతే. లేబుల్ మీద ‘ఒక సర్వింగ్‌కి’ అన్న అంకె చూసి మోసపోకండి. సర్వింగ్ 200 మి.లీ. అని చిన్న అక్షరాల్లో రాసి, సీసా మాత్రం 500 మి.లీ.ది అమ్ముతారు. 100 మి.లీ. వరసలోని అంకెని తీసుకుని సీసా పరిమాణంతో హెచ్చవేయండి. పదార్థాల జాబితాలో నీళ్ల తర్వాత రెండో పేరు పంచదారో, గ్లూకోజ్-ఫ్రక్టోజ్ సిరప్పో అయితే దాన్ని టీగా కాక కూల్‌డ్రింక్‌గానే లెక్కేయండి. ఆకులోని పాలీఫినాళ్లు (టీకి వగరునిచ్చే సహజ పదార్థాలు) కూడా అప్పుడే కాచిన టీలో కంటే వీటిలో సాధారణంగా బాగా తక్కువ.

పంచదార మంచిది, కార్న్ సిరప్ (మొక్కజొన్న నుంచి తీసే గ్లూకోజ్-ఫ్రక్టోజ్ సిరప్) చెడ్డది అన్న వాదనకి ఇక్కడ పెద్ద బలం లేదు. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. కూల్‌డ్రింకుల్లో వాడే సిరప్‌లో ఫ్రక్టోజ్ 55 శాతం. ఆ అయిదు శాతం గురించి తగువు పడేకంటే గ్రాములు తగ్గించుకోవడం మేలు.

దంతాల విషయంలో టీకి స్పష్టమైన మొగ్గు ఉంది. నోటిలో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. కోలా పీహెచ్ 2.5 దగ్గర, నిమ్మ రుచి సీసా టీ 3 దగ్గర ఉంటాయి. కాచిన మామూలు టీ 5 చుట్టుపక్కల ఉంటుంది, దానంతట అది చేసే హాని తక్కువ. అందులో పంచదార పడితే మాత్రం పళ్ల మీది బాక్టీరియా దాన్ని తిని ఆమ్లం తయారు చేస్తుంది, నోరు మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. గంటసేపు గుక్క గుక్కగా తాగే తీపి టీ ఆ గడియారాన్ని ప్రతి గుక్కకీ మొదటికి తిప్పుతుంది. పది నిమిషాల్లో తాగేసి నీళ్లతో పుక్కిలించడం ఉత్తమం. కోలా తాగిన వెంటనే బ్రష్ చేయకూడదు. ఆమ్లానికి మెత్తబడిన ఎనామిల్ అరుగుతుంది, అరగంట ఆగాలి.

కెఫీన్ సంగతి చాలామంది అనుకునే దానికి తలకిందులు. 240 మి.లీ. బ్లాక్ టీలో 45 మి.గ్రా. పైచిలుకు, 355 మి.లీ. కోలాలో 34 మి.గ్రా. ఆరోగ్యవంతులైన పెద్దలకి రోజుకి 400 మి.గ్రా. దాకా ఫర్వాలేదు, గర్భిణులు 200 దాటకూడదు. రక్తహీనత ఉన్నవాళ్లు టీతో ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. దానిలోని పాలీఫినాళ్లు ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుముని ఒంటికి పట్టనీయవు. భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి, ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు. కోలా మీద ఉన్న ఫిర్యాదు ఎముకల గురించి: 2006లో వెలువడిన అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో రోజూ కోలా తాగే ఆడవాళ్ల తుంటి ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది, మిగతా కూల్‌డ్రింకుల విషయంలో కనిపించలేదు. అదే కారణమని రుజువైనట్టు కాదు గానీ పట్టించుకోదగ్గ సంగతే.

ఇక టీలో పంచదార తగ్గాలంటే చేదు తగ్గాలి. చేదు ఎక్కువసేపు మరిగించడం వల్ల వస్తుంది. 150 మి.లీ.కి 2 గ్రాముల ఆకు చాలు. మరిగిన నీళ్లలో వేసి మూత పెట్టి, సన్నపొడి అయితే రెండు నిమిషాలు, ఆకు అయితే మూడు నాలుగు నిమిషాలు ఉంచి వడకట్టాలి. చిక్కగా కావాలంటే ఆకు పెంచాలి తప్ప సమయం పెంచకూడదు. గ్రీన్ టీకి మరిగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది, 75-80 డిగ్రీలు సరిపోతుంది. పంచదారని గిన్నెలో వేసి అందరికీ ఒకేలా మరిగించొద్దు. అలా చేస్తే అందరిలోకీ ఎక్కువ తీపి తాగేవాళ్ల కొలతే అందరి గొంతులోకీ పోతుంది. వడకట్టాక కప్పులో వేసి, బాగా తిప్పి, అప్పుడు రుచి చూడండి. మూడో చెంచా పడే కప్పుల్లో రెండో చెంచా అడుగునే కరగకుండా ఉండిపోయిన సందర్భాలు తక్కువేం కాదు. ఆ తర్వాత వారానికి పావు చెంచా చొప్పున తగ్గించుకుంటూ రండి. ఒక్కసారిగా సగానికి కోసినవాళ్లు తొందరగా వెనక్కి వస్తారు.

చల్లటి టీ కావాలంటే లీటరు చన్నీళ్లలో 8-10 గ్రాముల ఆకు వేసి ఫ్రిజ్‌లో ఎనిమిది గంటలు నానబెట్టి వడకట్టండి. చేదూ వగరూ తక్కువ దిగుతాయి కాబట్టి తక్కువ తీపితో సరిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో తాగేయాలి. పంచదార చల్లటి టీలో త్వరగా కరగదు. 100 గ్రాముల పంచదార, 100 గ్రాముల నీళ్లు వేడిచేసి కలిపిన పాకం వాడండి. ఆ పాకం 10 గ్రాములంటే 5 గ్రాముల పంచదార. 250 మి.లీ. గ్లాసుకి 10 గ్రాముల పాకంతో మొదలుపెట్టండి, 20 దాటించొద్దు. వేడిగా కాచిన చిక్కటి టీని నేరుగా ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా మారుతుంది. కెఫీన్, పాలీఫినాళ్లు కలిసి గడ్డకట్టడం వల్ల అది వస్తుంది, పాడైనట్టు కాదు. కాస్త మరిగే నీళ్లు పోస్తే తేరుకుంటుంది.

మిగతావాటికి ఒక్కో మాట చాలు. తేనె, బ్రౌన్ షుగర్ వేసినా లెక్క పంచదార లెక్కే. తీపి కలిపి అమ్మే ఇన్‌స్టంట్ టీ పొడి ప్యాకెట్లలో ఎక్కువ భాగం పంచదారే ఉంటుంది. డైట్ కోలాలో పంచదార ఉండదు, ఆమ్లం ఉంటుంది; మామూలు కోలా మానలేనివాళ్లకి మధ్యలో మెట్టుగా పనికొస్తుంది. పళ్లరసం తీపిలో కోలాకి ఏమీ తీసిపోదు.

మామూలు కూల్‌డ్రింక్ నిర్ద్వంద్వంగా గెలిచే చోటు ఒకటి ఉంది. మధుమేహానికి మందులు వాడేవాళ్లకి రక్తంలో చక్కెర డెసిలీటరుకి (100 మి.లీ.కి) 70 మి.గ్రా. కంటే కిందికి పడిపోయినప్పుడు త్వరగా పనిచేసే చక్కెర 15 గ్రాములు ఇవ్వాలి. 150 మి.లీ. మామూలు కోలాతో ఆ లెక్క సరిపోతుంది, తాగడానికి నిమిషం పట్టదు. టీ కాచి చల్లార్చేంత వ్యవధి అప్పుడు ఉండదు. కొన్ని దేశాల్లో పంచదార తగ్గించిన రకాలు అమ్ముతున్నారు కాబట్టి లేబుల్ ముందే చూసి పెట్టుకోవాలి. డైట్ రకం ఇందుకు పనికిరాదు. పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువే ఉంటే అంతే మోతాదు ఇంకోసారి ఇవ్వాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే అత్యవసర సాయం పిలవాలి.