వీ1, వీ2, వీ3 చార్టు: కొనొచ్చు, కానీ పెన్ను పట్టుకుని

నల్లగొండ క్లాక్‌టవర్ వైపు బుక్‌స్టాళ్లలో 30 రూపాయలకు దొరికే ఇంగ్లిష్ వెర్బుల చార్టు ఇది. ఒక్కో క్రియకు మూడు రూపాలుంటాయి: వీ1 మామూలు రూపం (గో), వీ2 గతకాల రూపం (వెంట్), వీ3 పాస్ట్ పార్టిసిపుల్ (గాన్). లామినేషన్ గట్టిదే, అక్షరాలు వెనక బెంచీ దాకా కనిపిస్తాయి.

చిక్కంతా వరసతోనే. అక్షరక్రమంలో అచ్చేశారు కాబట్టి పిల్లలు గడగడా అప్పజెప్తారు, మధ్యలోంచి అడిగితే నీళ్లు నములుతారు. గుంపులుగా విడగొట్టి చెప్పండి: సింగ్-స్యాంగ్-సంగ్, రింగ్-ర్యాంగ్-రంగ్, డ్రింక్-డ్రాంక్-డ్రంక్ ఒకచోట, అసలు మారని కట్, పుట్, హిట్ ఇంకోచోట, బై-బాట్, బ్రింగ్-బ్రాట్, థింక్-థాట్ మరోచోట. రోజుకు ఐదు చాలు, మర్నాడు కలగలిపి అడగాలి.

తప్పులూ ఉన్నాయి. 'రీడ్'కు మూడు గళ్లలోనూ ఉచ్చారణ రీడ్ అనే వేశారు. స్పెల్లింగ్ ఒకటే అయినా వీ2, వీ3లను 'రెడ్' అని పలకాలి. పడుకోవడానికి లై-లే-లెయిన్, పెట్టడానికి లే-లెయిడ్-లెయిడ్. ఈ రెంటినీ ఒకే వరసలో కుక్కేశారు. కోడి గుడ్డు పెట్టిందంటే 'లెయిడ్' రావాలి, ఈ చార్టు నమ్మితే కోడి పడుకుంటుంది.

'డిడ్' తర్వాత వీ1 రావాలన్న మాట ఎక్కడా లేదు. పిల్లలు 'ఐ డిడ్ నాట్ వెంట్' అని తప్పు రాసేది అందుకే. కింది అంచున ఖాళీ ఉంది, మార్కర్‌తో 'డిడ్ + గో' అని రాసిపెట్టుకోండి. ఇలా దిద్దుకుంటే చార్టు టెన్త్ వరకు సరిపోతుంది.