విమానంలో గుంటడికి ఫోనా, సంచా?

బరంపురం నుంచి రైల్లో భువనేశ్వర్, అక్కణ్ణుంచి హైదరాబాద్‌కు విమానం. మా గుంటడికి 20 నెలలు. రెండేళ్లు నిండలేదుగా, వేరే సీటు లేదు, నా ఒళ్లే. వెళ్లేటప్పుడు ఫోన్ నమ్ముకున్నాను, వచ్చేటప్పుడు చిన్న సంచి.

పైన నెట్ ఉండదని బొమ్మల వీడియోలు ముందే డౌన్‌లోడ్ చేశాను. కాసేపు కిక్కురుమనలేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఒట్టు! సౌండ్ ఆపేసరికి వాడి సౌండ్ మొదలైంది.

సంచిలో స్టిక్కర్లు, మూతున్న స్టీలు డబ్బా, అందులో ఇడ్లీ ముక్కలు. ముక్క తినడం, మూత పెట్టడం, మళ్లీ తీయడం, అదే ఆట. పక్క సీటు ఒడియా మావుసి (పిన్ని) చేతికీ ఓ నక్షత్రం అంటించాడు. ట్రే మీదవి గోటితో గీకింది మాత్రం నేనే. అన్నీ ఒకేసారి చూపించకండి, అయిదు నిమిషాల్లో పిల్లలు చాప చుట్టేస్తారు.

దిగేటప్పుడు గాలి ఒత్తిడి మారి చెవులు నొప్పెడతాయి, గుటకలు వేస్తుంటే సర్దుకుంటాయి. ఫోన్ రోజు అది తోచలేదు, గుక్కపట్టి ఏడ్చాడు. సంచి రోజు నీళ్లు చప్పరిస్తూ దిగాడు.

నా ఓటు సంచికే. విమానం ఆలస్యమైతే పనికొస్తుందని ఫోన్ మాత్రం దాని అడుగునే ఉంటుంది, వాడి కంట పడకుండా.