ఆరేళ్లుగా డీడీరెస్క్యూ వాడుతున్నాను: పాడైన హార్డ్ డిస్క్‌ల నుంచి ఏం వచ్చింది, ఏం రాలేదు

2019 దసరా సెలవుల్లో అమ్మ పాటలు విందామని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కంప్యూటర్‌కు పెట్టాను. లైటు వెలిగింది, డిస్క్ తిరుగుతున్న చప్పుడూ వినిపించింది. కానీ ఫోల్డర్లు రాలేదు. ఈ డ్రైవ్ వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని విండోస్ అడిగింది. నా చేతులు చల్లబడిపోయాయి. అమ్మ 2017లో పోయింది. అంతకు ముందు రెండేళ్లు, ఊరికి వెళ్లినప్పుడల్లా చిన్న రికార్డర్ పెట్టి అమ్మ చేత పాడించిన నలుగు పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు ఆ డిస్క్‌లో ఉన్నాయి. మొత్తం 212 ఫైళ్లు. ఇంకెక్కడా కాపీ లేదు.

ఆ రోజు నేను చేసిన మంచి పని ఒక్కటే. ఫార్మాట్ అనే బటన్ నొక్కకుండా డిస్క్ తీసి పక్కన పెట్టి, రెండు రోజులు చదువుకున్నాను. అప్పుడే జీఎన్‌యూ డీడీరెస్క్యూ గురించి తెలిసింది. ఆంటోనియో డియాస్ డియాస్ అనే ఆయన రాసిన ఉచిత ప్రోగ్రామ్ ఇది. అప్పటి నుంచి నావి, స్నేహితులవి, మా స్కూలు వాళ్లవి కలిపి 17 డిస్క్‌లు నా దగ్గరికి వచ్చాయి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

పాడవుతున్న డిస్క్‌కు ఇక ఎంత ఆయుష్షు మిగిలిందో మనకు తెలియదు. మామూలుగా కాపీ పెడితే కంప్యూటర్ మొదటి చెడ్డ సెక్టార్ (డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి) దగ్గరే ఆగి, దాన్నే మళ్లీ మళ్లీ చదవబోతుంది. ఆ ప్రయత్నంలోనే డిస్క్ అలిసిపోతుంది. డీడీరెస్క్యూ దారి వేరు. కళ్లంలో ధాన్యం ఆరబోసి ఉండగా వాన మొదలైతే మనం ఏం చేస్తాం? ముందు చేతికందిన రాశిని ఎత్తుతాం, రాళ్ల సందుల్లో పడ్డ గింజలు తర్వాత ఏరుకుంటాం. ఇదీ అంతే. సులువుగా వచ్చే భాగమంతా ముందు లాగేస్తుంది, ఇబ్బంది పెట్టే చోటును గుర్తు పెట్టుకుని దాటేస్తుంది. తర్వాత వెనక్కి వచ్చి ఆ చోటు అంచులను రెండు వైపుల నుంచీ కత్తిరించుకుంటూ వెళుతుంది. చివరికి మిగిలిన దాన్ని ఒక్కో సెక్టార్‌గా గీకుతుంది. ఇంకా కావాలంటే మనం చెప్పినన్ని సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఎక్కడెక్కడ చదివింది, ఎక్కడ చదవలేకపోయింది అన్న లెక్కంతా మ్యాప్‌ఫైల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసుకుంటుంది. దీని విలువ నాకు మొదటి రాత్రే తెలిసింది. గుంటూరులో మా వీధికి రెండింటికి కరెంటు పోయింది, నా డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేదు. పొద్దున అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటు నుంచే మొదలైంది. మ్యాప్‌ఫైల్ ఇవ్వకుండా మాత్రం ఎప్పుడూ నడపకండి. అది లేకపోతే మధ్యలో ఆగిన ప్రతిసారీ డిస్క్‌ను మొదటి నుంచి చదివించాల్సి వస్తుంది. అంత భారం మోసే స్థితిలో ఆ డిస్క్ ఉండదు.

నాది 1 టీబీ డిస్క్. మొదటి విడతలో ‘-ఎన్’ ఇచ్చాను, అంటే గీకే పని ఇప్పుడే వద్దని చెప్పడం. రెండో రోజు సాయంత్రానికి 98.7 శాతం వచ్చేసింది. మిగిలిన దాని కోసం ఇంకో మూడు రోజులు పట్టింది. పక్కన చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టి, డిస్క్ మరీ వేడెక్కినప్పుడు ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టేవాణ్ని. చివరికి తెర మీద 99.99 శాతం అని కనిపించింది. చదవలేనిది 46 ఎంబీ.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. డీడీరెస్క్యూకు ఫైళ్ల పేర్లతో పనిలేదు, అది సెక్టార్లు మాత్రమే చూస్తుంది. ఆ 46 ఎంబీ ఏ ఫైళ్లలోదో అది చెప్పదు. అందుకు ఫిల్ మోడ్ అనే దారి ఉంది. మనం తీసుకున్న కాపీలో, చదవలేకపోయిన చోట్లన్నింటిలో మనకు నచ్చిన మాట ఒకటి నింపిస్తాం. తర్వాత ఆ మాట ఏ ఫైళ్లలో కనిపిస్తుందో వెతికితే దెబ్బతిన్నవి దొరుకుతాయి. అలా చూస్తే అమ్మ పాటల్లో 5 ఫైళ్లకే దెబ్బ తగిలింది. పాటలు ఎంపీ3లో 128 కేబీపీఎస్‌తో, అంటే సెకనుకు 16,000 బైట్లతో ఉన్నాయి కాబట్టి 4,096 బైట్ల సెక్టార్ ఒకటి పోతే పాటలో పోయేది పావు సెకను. నాలుగు పాటల్లో చిన్న టక్కుమనే చప్పుడు తప్ప తేడా తెలియలేదు. ఐదో దాంట్లో, ఒక అప్పగింతల పాటలో, ఒక చరణం దాదాపు పోయింది. ఆ చరణం పిన్నికి వచ్చు. ఫోన్‌లో పాడించుకుని పక్కన పెట్టుకున్నాను.

అన్ని ఫైళ్లూ ఇంత ఓర్చుకోవు. అదే సెక్టార్ జిప్ ఫైల్ మధ్యలో పోతే కొన్నిసార్లు దాని తర్వాతిదంతా తెరుచుకోదు. ఎంపీ4 వీడియోలో సూచిక ఉండే భాగం పోతే 4 జీబీ వీడియో మొత్తం ఉన్నా ప్లే కాదు. పెళ్లి వీడియోల విషయంలో ఇలా రెండుసార్లు చూశాను. అదే కెమెరాతో తీసిన మంచి వీడియో ఒకటి నమూనాగా ఇచ్చి, అన్‌ట్రంక్ అనే ప్రోగ్రామ్‌తో ఒకదాన్ని బాగుచేయగలిగాను. రెండోది కాలేదు.

కాపీ చేతికొచ్చాక అసలు డిస్క్‌ను ముట్టుకోను, మిగతా పనంతా కాపీ మీదే. నేను వాడేవి టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్. రెండూ క్రిస్టఫ్ గ్రెనియే రాసినవే, ఉచితమే. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) పార్టిషన్ మొదట్లో దాని వివరాలుండే బూట్ సెక్టార్ ఉంటుంది, చివర దానికి ఒక నకలు ఉంటుంది. ముందున్నది పాడైతే టెస్ట్‌డిస్క్ ఆ నకలు తెచ్చి పెడుతుంది. నా డిస్క్ ఫార్మాట్ అడగడానికి కారణం అదే. ఐదు నిమిషాల్లో ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. ఫైళ్ల పట్టికే పోయినప్పుడు ఫోటోరెక్ దిక్కు. అది ఫైల్ మొదట్లో ఉండే గుర్తును బట్టి పట్టుకుంటుంది. ఫోటోలు వస్తాయి కానీ పేర్లు రావు, ఫోల్డర్లు రావు. 40,000 ఫోటోలు నంబర్ల పేర్లతో వచ్చి పడితే, వాటిని సర్దడానికి మా కొలీగ్ ఒకాయనకు వేసవి సెలవులన్నీ సరిపోయాయి.

ఇక ఇబ్బందులు. నేను దీన్ని లినక్స్‌లో (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడతాను. ఇది కమాండ్‌తో నడుస్తుంది, అందులో ముందు పాత డిస్క్ పేరు, తర్వాత కొత్త డిస్క్ పేరు ఇవ్వాలి. తారుమారైతే కాపాడాల్సిన డిస్క్ మీదే ఖాళీ డిస్క్‌ను కాపీ చేసేస్తాం. ఇంకో ప్రమాదం దీనికంటే మెత్తగా వస్తుంది. పాడైన యూఎస్‌బీ డిస్క్ మధ్యలో తెగిపోయి మళ్లీ కనెక్ట్ అయినప్పుడు లినక్స్‌లో దాని పేరు మారవచ్చు, ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అవుతుంది. అందుకే ఇప్పుడు సీరియల్ నంబర్ కనిపించే పొడుగు పేరే ఇస్తాను. కాపీ పెట్టే డిస్క్ పాతదాని కంటే పెద్దది కావాలి. డిస్క్ మొత్తాన్నీ ఒకే ఫైల్‌గా, అంటే ఇమేజ్ ఫైల్‌గా తీసుకుంటుంటే ఆ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఉబుంటు (ఒక రకం లినక్స్) వాడేవాళ్లకు ఒక మాట: ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, కమాండ్ మాత్రం డీడీరెస్క్యూ.

17లో 12 డిస్క్‌ల నుంచి కావలసినవన్నీ, లేదా దాదాపు అన్నీ వచ్చాయి. రెండింటి నుంచి సగం వచ్చింది. మూడింటి విషయంలో నా వల్ల ఏమీ కాలేదు. ఆ మూడింటిలో ఒకటి 2020లో మా స్నేహితుడిది. నేను వెళ్లేలోపు ఆయన విండోస్‌లో చెక్‌డిస్క్ నడిపాడు. అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తుంది, మన ఫైళ్లను కాపాడటం దాని పని కాదు. పైగా పాడవుతున్న డిస్క్ మీదే రాస్తుంది. పిల్లల చిన్నప్పటి ఫోల్డర్ల స్థానంలో పేర్లు లేని ముక్కలు మిగిలాయి. కాపీ మొదలుపెడితే మూడు శాతం దగ్గర డిస్క్ ఆగిపోయింది, మళ్లీ తిరగలేదు. ‘ముందే ఫోన్ చేస్తే బాగుండేదా?’ అని ఆయన అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

రెండోది తెనాలిలో ఫోటో స్టూడియో నడిపే తమ్ముడిది. బల్ల మీద నుంచి కింద పడింది.

“మాస్టారూ, టక్ టక్‌మని చప్పుడొస్తోంది. మీ సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తారా?”

“వద్దు తమ్ముడూ. వెంటనే తీసెయ్. మళ్లీ పెట్టకు.”

అలా చప్పుడు వచ్చే డిస్క్‌కు ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు. డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉంటే అది ప్లేటర్‌ను, అంటే డేటా ఉండే పళ్లాన్ని గీస్తుంది, పెట్టిన ప్రతిసారీ ఇంకొంత డేటా పోతుంది. దుమ్ము లేని గదిలో, అదే మోడల్ డిస్క్ నుంచి తీసిన హెడ్ అమర్చి చదివించాలి. హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కు పంపాడు, పరీక్ష చేశాక 38,000 రూపాయలు చెప్పారు. రెండు పెళ్లిళ్ల ఫోటోలు కాబట్టి కట్టాడు, ఎక్కువ భాగం వచ్చాయి. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని ఎవరైనా చెబితే వినకండి. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది.

మూడోదాంట్లో సర్క్యూట్ బోర్డు కాలిపోయింది. బోర్డు మారిస్తే చాలనుకున్నాను. కానీ ఆ డిస్క్‌కు మాత్రమే సంబంధించిన లెక్కలు బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయట, దాన్ని కూడా మార్చి అతికించాలి. కొన్ని పోర్టబుల్ డిస్క్‌లలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా బోర్డుకే ఉంటుంది, మరికొన్నింటిలో అక్కడే డేటా ఎన్‌క్రిప్ట్ అవుతుంది (రహస్య లిపిలోకి మారుతుంది). అవి నా చేతిలో పని కాదని ఒప్పుకుని ల్యాబ్‌కే పంపమంటున్నాను.

ఇప్పుడు ఎవరైనా డిస్క్ తెస్తే ముందు చప్పుడు వింటాను. చప్పుడు మామూలుగా ఉంటే స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూస్తాను. చెడ్డ సెక్టార్ల లెక్క చూపే 5, 197 నంబర్ల దగ్గర సున్నా కాకుండా అంకె పెరుగుతూ ఉంటే అదే రోజు కాపీ మొదలుపెడతాను. దానికోసమే 4 టీబీ డిస్క్ ఒకటి కొని, ఎప్పుడూ ఖాళీగా ఉంచుతున్నాను. టక్ టక్ వినిపిస్తే మాత్రం కేబుల్ తీసి, డిస్క్‌ను గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేస్తాను.